ప్రాణం తీసినవాడికి సాయంత్రానికే బెయిలా?

నరసన్నపేట వాసి: సంక్రాంతికి వారం ముందు, తెల్లవారుజామున మా చిన్నాన్న సైకిల్‌తో హైవే దాటుతుంటే లారీ గుద్దింది. ఆగలేదు. పాలవాడు చూసేదాకా ఆయన అక్కడే పడి ఉన్నాడు. మరునాడు డ్రైవర్‌ను పట్టుకున్నారు, సాయంత్రానికి బెయిల్ వచ్చింది. పెద్దకర్మ సరుకులకు వెళ్తే అతను టీ దుకాణం దగ్గర కనిపించాడు. పిన్నికి ఆ మాట చెప్పలేకపోయాను. ఇలాంటి కేసుల్లో బెయిల్ ఉండకూడదు, పదేళ్ల జైలు ఉండాలి. ఏమంటారు?

న్యాయవాది, శ్రీకాకుళం: నిర్లక్ష్యంగా ప్రాణం తీస్తే, పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 304ఎ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లే. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్లు. అయినా బెయిల్ ఇవ్వదగిన నేరమే. పూచీకత్తు ఇస్తే పోలీసులు వదిలేయాల్సిందే, అందులో వారి దయ ఏమీ లేదు. మీరడిగిన పదేళ్లు కూడా పుస్తకంలో ఉన్నాయి. గుద్ది, పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే 106(2). 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మె చేశాక, ఆ ఒక్క ఉపవిభాగాన్ని కేంద్రం అమల్లోకి తేకుండా ఆపింది.

లారీ డ్రైవర్, టెక్కలి: ఇరవై రెండేళ్లుగా గ్రానైటు బండ్లు తోలుతున్నాను. మా తోటివాడు దిగి, దెబ్బతిన్న మనిషిని లేపబోతే జనం తల పగలగొట్టారు. ఆగితే దెబ్బలు, పారిపోతే పదేళ్లు. రెండు రాత్రులు నిద్ర లేకుండా తోలించిన యజమాని పేరు మాత్రం కేసులో ఉండదు. రోజుకు ఎనిమిది గంటలేనని, 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి చట్టంలో ఉండేదట. మాలో ఎవరూ చూడలేదు.

నరసన్నపేట వాసి: కొట్టడం తప్పే అన్నా. కానీ ఆ వేళ రోడ్డు మీద జనమే లేరు. ఎవరికి భయపడి పారిపోయాడు?

న్యాయవాది, శ్రీకాకుళం: అసలు చిక్కు అక్కడే ఉంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే నేరం. మరునాడు దొరికినవాడి రక్తంలో ఏం తేలుతుంది? తాగినవాడికి పారిపోవడమే లాభం. అందుకే 106(2)ను ఆపడం నాకు నచ్చలేదు. అలాగని బెయిల్ వద్దంటే ఒప్పుకోను. విచారణ ఏళ్లు సాగితే తప్పు లేనివాడూ లోపలే మగ్గుతాడు. కేసు తేలేదాకా స్టీరింగు పట్టనివ్వకండి, చాలు.

లారీ డ్రైవర్, టెక్కలి: లైసెన్సు ఆపితే ఇంట్లో పొయ్యి వెలగదండీ. అయినా జైలు కన్నా నయం. తమ్ముడూ, పరిహారానికి వేశారా? ప్రభుత్వ పథకం కింద ఇచ్చే రెండు లక్షలన్నది బండి దొరకని కేసులకు. మీకు బండి దొరికింది, బీమా మీద మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్లండి.

నరసన్నపేట వాసి: ఇంకా లేదన్నా. పోస్టుమార్టం కాగితం కోసం తిరుగుతున్నాం.