పిల్లలు చార్టర్ స్కూల్‌కు మారితే డిస్ట్రిక్ట్ ఖర్చు నిజంగా ఎంత తగ్గుతుంది? లెక్క కుదరడం లేదు

అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌కు (ఆ ప్రాంత ప్రభుత్వ స్కూళ్లను నడిపే స్థానిక సంస్థకు) మూడేళ్ల బడ్జెట్ అంచనా వేస్తున్నాం. చార్టర్ అంటే ప్రభుత్వ డబ్బుతోనే, కానీ డిస్ట్రిక్ట్‌తో సంబంధం లేకుండా విడిగా నడిచే స్కూల్. అందులో చేరిన ఒక్కో పిల్లవాడికి ట్యూషన్, అంటే స్కూల్ ఫీజు, డిస్ట్రిక్టే చెల్లించాలి. మూడు ఎలిమెంటరీ స్కూళ్ల నుంచి, కిండర్‌గార్టెన్ మొదలు 5వ తరగతి వరకు, 90 మంది చార్టర్‌కు మారారు. అంటే ఒక్కో స్కూల్లో తరగతికి సగటున ఐదుగురు. 72 మంది ఉన్న తరగతి 67కు తగ్గింది, కానీ మూడు సెక్షన్లూ నడపాల్సిందే.

మొదట తలసరి ఖర్చును 90తో హెచ్చించాం. ఆదా చాలా ఎక్కువగా తేలింది, చేతిలో మాత్రం అంత మిగల్లేదు. నర్సు, లైబ్రేరియన్, హీటింగ్ ఏవీ తగ్గవు. డిస్ట్రిక్ట్ సరిహద్దు నుంచి 10 మైళ్ల లోపు చార్టర్‌కైతే బస్సు కూడా డిస్ట్రిక్టే ఏర్పాటు చేయాలి.

తర్వాత ప్రతి పద్దునూ తగ్గేది, తగ్గనిది అని విడదీశాం. ఆదా దాదాపు సున్నాకు వచ్చింది. అదీ తప్పే, ఎందుకంటే మూడో ఏడాదికి కొన్ని సెక్షన్లు కలపొచ్చు, రిటైరైన టీచర్ల స్థానాలు నింపకుండా వదలొచ్చు. పిల్లల సంఖ్యకూ ఖర్చుకూ ఉన్న సంబంధం తేల్చడానికి పదేళ్ల ఎన్‌రోల్‌మెంట్‌పై రిగ్రెషన్ (గణాంక విశ్లేషణ) చేస్తే జననాల తగ్గుదల, వలసలు కూడా అందులోనే కలిసిపోయాయి. ఇంతకుముందు ప్రైవేటు స్కూళ్లలో చదివి ఇప్పుడు చార్టర్‌లో చేరిన పిల్లల ట్యూషన్ పూర్తిగా కొత్త ఖర్చు కాబట్టి దాన్ని విడిగా తీసేశాం.

మామూలు (ఆన్‌లైన్ కాని) చార్టర్ల ట్యూషన్‌కు రాష్ట్రం ఇచ్చే రీయింబర్స్‌మెంట్ 2011లోనే ఆగిపోయింది. లెక్క తప్పితే కోత పడేది మిగిలిన పిల్లల మ్యూజిక్, రీడింగ్ టీచర్ల మీదే.

సెక్షన్లు కలపగల పరిమితినీ రిటైర్మెంట్లనూ లెక్కలోకి తీసుకుని, 1, 2, 3 సంవత్సరాల్లో విడివిడిగా తగ్గే ఖర్చును మీరు ఏ పద్ధతిలో అంచనా వేస్తున్నారు?