‘సీ’ అనకపోవడం, ‘సిరర్’ ఇవ్వకపోవడం

నిజామాబాద్ వాసి: పోయిన వారం నాందేడ్ గురుద్వారాలో విన్న పాదం వదలడం లేదు: ‘సీస్ దీఆ పర్ సీ న ఉచరీ’. సిక్కుల తొమ్మిదో గురువు తేగ్ బహాదుర్ బలిదానం గురించి. ఆ ‘సీ’ ఏమిటి? ఇంకోసారి కూడా ‘సీస్ దీఆ’ అని వచ్చింది, చివర గుర్తు లేదు.

గోదారి గట్టు: ఆయన కొడుకు గురు గోవింద్ సింగ్ రాసిన ఆత్మకథా కావ్యం బచిత్తర్ నాటక్‌లోది. తల ఇచ్చాడు కానీ ‘సీ’ అనలేదని. రెండోది ‘పర్ సిరర్ న దీఆ’, తల ఇచ్చాడు కానీ పట్టుదల ఇవ్వలేదని. ‘సీ’ నొప్పికి పళ్ల సందున గాలి పీల్చే చప్పుడు, మన సీత్కారంలోదే.

పాత పుస్తకాలు: సీత్కారం ప్రబంధాల్లో శృంగారానిది కదా మాస్టారూ!

గోదారి గట్టు: నొప్పికీ చెల్లుతుందండీ. ‘సీస్’లో మొదటి అక్షరమే ‘సీ’, చూశారా? తల మొత్తం ఇచ్చినాయన అందులోని ఒక్క అక్షరం పలకలేదు. 1675లో చాందినీ చౌక్‌లో ఆయన ఎదుటే శిష్యుల్లో మతీదాస్‌ను రంపంతో కోశారని, దయాలాను మరిగే నీళ్లలో కూర్చోబెట్టారని సిక్కులు చెప్పుకుంటారు. అదంతా చూశాక కూడా.

పాత పుస్తకాలు: ఆ శ్లేష ఒప్పుకున్నాను. ‘సిరర్’ను మాత్రం పట్టుదల అని తేల్చేయకండి. నా లెక్కలో అది అరబీ ‘సిర్ర్’, రహస్యం. మొఘలులు మహిమ చూపమన్నారు, ఆయన చూపలేదు. ‘నాటక్ చేటక్’, అంటే గారడీలు, చేయడం దైవజనులకు సిగ్గు అని గోవింద్ సింగ్ వెంటనే అంటాడుగా!

వరంగల్ అక్క: పై పాదంలోనే ‘ధరమ్ హేత్’, ధర్మం కోసం అని ఉంది తమ్ముడూ, పట్టుదలే అతుకుతుంది. నాకైతే మా పోతన బలి గుర్తొచ్చాడు, ‘తిరుగన్నేరదు నాదు జిహ్వ’. బలి నాలుక తిరగలేదు, ఈయన నాలుక కదలనే లేదు. ఆ పద్యంలో ‘దుర్మరణంబైన’ దగ్గర నాకు గొంతు పూడుకుపోతుంది.

గోదారి గట్టు: నాకు దాని పక్కనున్న ‘కులాంతమైన’ ఇంకా బరువమ్మా. బలి మాటవరసకన్నాడు, గోవింద్ సింగ్‌కు నిజంగానే జరిగింది. చమకౌర్ పోరులో ఇద్దరు కొడుకులు, సర్హింద్ గోడలో ఇద్దరు పసివాళ్లు. తండ్రి పోయేనాటికి తనకే తొమ్మిదో ఏడు.

వరంగల్ అక్క: ఇక ఆ పద్యం చదివినప్పుడల్లా ఆ పసివాళ్లే కనిపిస్తారు మాస్టారూ.

నిజామాబాద్ వాసి: మరి ‘సిరర్’?

పాత పుస్తకాలు: ‘సిర్ర్’లో ద్విత్వం విడిపోయి ‘సిరర్’ అయింది. నేను మారను.

వరంగల్ అక్క: నేనూ మారను.