పెద్ద ఏజెన్సీ వదిలేసి సొంతంగా బాస్కెట్‌బాల్ ఏజెంటుగా నిలబడొచ్చా?

కొలంబస్‌వాసి:
మా మేనల్లుడు ఇక్కడే ఒహాయోలో లా చదివాడు. ఒక పెద్ద స్పోర్ట్స్ ఏజెన్సీలో పని. ఎన్‌బీఏ (అమెరికా పెద్ద బాస్కెట్‌బాల్ లీగు) ఆటగాళ్ల సంఘం పెట్టే ఏజెంట్ల పరీక్ష పాసయ్యాడు. ఇప్పుడు ఉద్యోగం మానేసి సొంతంగా చేసుకుంటానంటున్నాడు. మా అక్కాబావలకు అస్సలు ఇష్టం లేదు. నేను మాత్రం వాడి వైపే. ఏజెంటు రిచ్ పాల్‌ని చూడండి. కారు డిక్కీలో పాత జెర్సీలు పెట్టుకుని అమ్మిన మనిషి, డిగ్రీ కూడా లేదు. 2012లో క్లచ్ స్పోర్ట్స్ అనే సొంత ఏజెన్సీ పెట్టి ఎక్కడికెళ్లాడు! మీరేమంటారు?

పోస్ట్‌అప్:
అన్నా, రిచ్ పాల్‌ని లెక్కలోకి తీసుకోకండి. ఆయన బయటికొచ్చినప్పుడు వెంట లెబ్రాన్ జేమ్స్ అంతటి స్టార్ ఆటగాడు వచ్చాడు. మీవాడి వెంట ఎవరొస్తున్నారు?

డబ్బు సంగతి చూద్దాం. 30 జట్లు, జట్టుకి 15 మంది, టూ-వే వాళ్లు (ఎన్‌బీఏకీ దాని కింది లీగుకీ మధ్య తిరిగేవాళ్లు) ఇంకో ముగ్గురు. మొత్తం 540 ఉద్యోగాలు. కమీషన్ 4 శాతం దాటకూడదు. కనీస జీతం ఆటగాడైతే 2 శాతమే. 2024-25లో కొత్తవాడి కనీస జీతం సుమారు 11.6 లక్షల డాలర్లు, అంటే ఏజెంటుకి ఏడాదికి 23 వేల చిల్లర. డ్రాఫ్ట్‌కి, అంటే జట్లు కొత్త కుర్రాళ్లని ఎంచుకునే రోజుకి ముందు ఆ కుర్రాడి ట్రైనరు, అద్దె ఇల్లు, తిండి, విమానం టికెట్లు చాలాసార్లు ఏజెంటు జేబులోంచే. డ్రాఫ్ట్‌లో పేరు రాకపోతే ఆ డబ్బు పోయినట్టే. పైగా ఆటగాడు 15 రోజుల నోటీసిచ్చి ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. పెద్ద ఏజెన్సీకి ఒకడు పోతే ఏమీ కాదు, మీవాడికి ఆ ఒక్కడే బతుకు.

ఫ్రీత్రో:
పోస్ట్‌అప్ గారూ, మీ లెక్క ఏజెంటు వైపు నుంచి సరే. ఆటగాడి వైపు నుంచి చూస్తే వేరేలా ఉంటుంది. 1995 నుంచి డ్రాఫ్ట్ మొదటి రౌండులో ఎంపికైన కుర్రాళ్ల జీతం ముందే రాసిపెట్టిన స్కేలు ప్రకారమే. స్కేలులో 80 నుంచి 120 శాతం దాకా ఇవ్వొచ్చు, దాదాపు అందరికీ 120 ఇస్తారు. అక్కడ పెద్ద ఏజెన్సీ కొత్తగా బేరమాడి తెచ్చేదేముంది? గ్రాంట్ హిల్, టిమ్ డంకన్ లాంటివాళ్లు లాన్ బాబీ అనే లాయరుకి గంటల లెక్కన ఫీజిచ్చి పని జరిపించుకున్నారు. కాబట్టి ఒంటరి మనిషి చాలడనే మాట నేనొప్పుకోను. షూ కంపెనీల ఒప్పందాల దగ్గర పెద్దవాళ్లకి పట్టుంది, అది నిజం.

మిడ్‌కోర్ట్:
మీరంతా ఎన్‌బీఏ చుట్టూనే తిరుగుతున్నారు. నేను ఈ పనిలోనే ఉన్నాను, ఒంటరిగానే. నా ఆటగాళ్లు యూరప్‌లో ఆడతారు. సొంతంగా చేసేవాడికి తిండి పెట్టేది అక్కడి లీగులే. దేశం మారి ఆడేవాళ్లని చూసుకోవాలంటే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) లైసెన్సు కావాలి, దానికి వేరే పరీక్ష. ఫీజు సాధారణంగా ఒప్పందంలో 10 శాతం, అదీ చాలావరకు క్లబ్బే కడుతుంది.

అయితే అక్కడ అసలు పని సంతకం తర్వాతే మొదలవుతుంది. ఒప్పందంలో జీతం పన్నులు పోను చేతికొచ్చేదా కాదా, ఫ్లాటు, కారు, ఇంటికి టికెట్లు ఎన్ని, దెబ్బ తగిలితే జీతం ఆగుతుందా, జీతం ఎన్ని రోజులు ఆలస్యమైతే ప్రాక్టీసు మానొచ్చు, ఎన్ని రోజులైతే ఒప్పందం తెంచుకోవచ్చు... ఇవన్నీ పంక్తి పంక్తీ చూడాలి. కిందటి సీజన్‌లో ఒక క్లబ్బు మావాడికి డిసెంబరు నుంచి జీతం ఆపింది. "వచ్చే వారం" అని ప్రతి సోమవారం మెసేజ్. మావాడితో పాటు ఓ పెద్ద ఏజెన్సీ కుర్రాడూ అదే జట్టులో ఉన్నాడు. అతని ఫోన్ ఎత్తే దిక్కు లేదు, ఎందుకంటే అతని ఒప్పందం ఆ ఏజెన్సీకి చిన్నది. రాత్రి పదకొండింటికి అతనే నాకు ఫోన్ చేశాడు, "నా కాగితం కూడా చూడవా" అని.

అలాంటప్పుడు దారి జెనీవాలోని బాట్, అంటే బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్, ఇలాంటి తగాదాలు తీర్చే చోటు. 2007లో ఫిబా పెట్టింది. తీర్పొచ్చాక కూడా క్లబ్బు కట్టకపోతే కొత్త ఆటగాళ్లని రిజిస్టర్ చేసుకోకుండా ఫిబా ఆపగలదు. క్లబ్బులు నిజంగా భయపడేది దానికే. ఒప్పందంలో బాట్ క్లాజు లేకపోతే మాత్రం ఆ దేశం కోర్టుల చుట్టూ తిరగాలి. ఏజెంటు తన ఫీజు కోసం కూడా బాట్‌కే వెళ్లొచ్చు, చాలామంది వెళ్తున్నారు.

కొలంబస్‌వాసి గారూ, మీ మేనల్లుడు వెళ్లాల్సింది ఇలాంటి ఆటగాళ్ల దగ్గరికి. వీళ్లకి మనిషి కావాలి, పెద్ద ఆఫీసు కాదు.

పోస్ట్‌అప్:
మిడ్‌కోర్ట్ గారు చెప్పింది కాదనను. కానీ ఫీజు క్లబ్బు కడితే ఏజెంటు ఎవరి మనిషి? జీతమే ఆపిన క్లబ్బు ఏజెంటు ఫీజు మాత్రం టైముకి కడుతుందా? కేసు వేయడానికీ ముందు డబ్బు కట్టాలి. ఒంటరివాడు ఆ నెలలు ఎలా గడుపుతాడు?

మిడ్‌కోర్ట్:
మొదటి ప్రశ్న న్యాయమైనది. నేను ఫీజు ఎంతో, ఎవరు కడుతున్నారో ఆటగాడికి ముందే కాగితం మీద చూపిస్తాను. అలా చూపించని ఏజెంటు దగ్గర ఎవరూ సంతకం పెట్టకూడదనేదే నా మాట. రెండోదానికి సులువైన జవాబు లేదు. నేనైతే మొదట్లో లా ఆఫీసులో కాంట్రాక్టులు చూసే పని కూడా చేసుకుంటూ నడిపాను.

కొలంబస్‌వాసి:
ఫిబా పరీక్ష సంగతి మావాడు నాకెప్పుడూ చెప్పలేదు, అడుగుతాను. ఉద్యోగం మానేముందు పాత ఏజెన్సీతో రాసుకున్న ఒప్పందంలో వాళ్ల ఆటగాళ్లని తనతో తీసుకెళ్లకూడదనే షరతుందో లేదో కూడా చూడమనాలి. ఇది ఎవరికైనా అనుభవం ఉంటే రాయండి.