గురక మెషిన్ వల్ల గుండెకి లాభం లేదంటున్నారు, మరి కొనాలా వద్దా?

రాయగడ నుంచి ప్రశ్న:

నమస్కారం అండి. మాది రాయగడ. మా ఆయన లారీ డ్రైవరు, వయసు 44. పార్వతీపురం వైపు నుంచి పేపర్ మిల్లుకి జామాయిల్ కర్ర తోలుతారు. లోడు దొరికితే ఘాట్ ఎక్కి కొరాపుట్, జయపురం కూడా వెళ్తారు.

గురక పెళ్ళయినప్పటి నుంచీ ఉంది. కానీ రెండేళ్ళుగా మధ్యలో ఆగిపోతోంది. గురక ఆగితే హాయిగా ఉండాలి కదా, నాకు అప్పుడే భయం. మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటాను. ఒకరోజు 34 దాకా వచ్చాను. అప్పుడు ఒళ్ళంతా అదిరిపడి, నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా ఊపిరి పీల్చారు. రెండు నిమిషాలకి మళ్ళీ అదే. తెల్లవార్లూ ఇదే వరస.

పగలు అన్నం ముందు కూర్చునే తూగుతారు. పోయిన శ్రావణంలో ఘాట్ దిగుతుంటే కన్ను మూతపడి బండి కొండ వైపు రాసుకుంది. రెండో వైపు లోయ. ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు, క్లీనర్ కుర్రాడు చెప్పాడు.

విశాఖ తీసుకెళ్ళి స్లీప్ స్టడీ చేయించాను. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, స్లీప్ ఆప్నియా అంటారట. ఏహెచ్ఐ, అంటే గంటకి ఊపిరి ఎన్నిసార్లు ఆగుతోందో ఆ లెక్క, 46 అని, రక్తంలో ఆక్సిజన్ 71 శాతం దాకా పడిపోయిందని రిపోర్టు. పడుకునేటప్పుడు మాస్కులోంచి గాలి ఊదే సీపాప్ మెషిన్ వాడమన్నారు. మాస్కుతో కలిపి 52 వేలు. నా గాజులు తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డాను. ఈలోగా హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, పెద్ద రీసెర్చి జరిగింది, సీపాప్ పెట్టుకున్నా గుండెపోట్లు తగ్గలేదట" అన్నాడు. మా అత్తయ్యగారేమో శంఖం ఊదితే ఈ జబ్బు తగ్గుతుందని టీవీలో చెప్పారంటూ మజ్జిగౌరమ్మ గుడి దగ్గర శంఖం కొనుక్కొచ్చారు. ఆయనకి మెషిన్ ఇష్టం లేదు, ఈ రెండు మాటలూ పట్టుకుని కూర్చున్నారు.

తెలిసినవాళ్ళు చెప్పండి. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జయపురం నుంచి జవాబు:

అక్కా, మా నాన్నగారికి మూడేళ్ళ క్రితం కొన్నాం. పది రోజులు వాడి అటక మీద పెట్టేశారు. మెషిన్‌లో లోపం లేదు, తప్పంతా మాస్కుది. అమ్మినతను కొలత చూడకుండా చేతికందింది ఇచ్చేశాడు. గాలి పక్క నుంచి లీకై కళ్ళలోకి కొట్టేది. మార్చమంటే తెరిచిన మాస్కు మార్చం అన్నాడు. కొనేముందు వారం రోజులు అద్దెకి ఇమ్మని అడగండి, ఇచ్చేవాళ్ళు ఉన్నారు.

పర్లాకిమిడి నుంచి జవాబు:

అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. ఆరేళ్ళుగా ఈ మెషిన్ పెట్టుకునే నిద్రపోతున్నాను. నా ఏహెచ్ఐ 38 ఉండేది. అంటే గంటకి 38 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరిగేది. ఒక్కొక్కటీ కనీసం 10 సెకన్లు ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు. 5 లోపు మామూలు, 30 దాటితే తీవ్రం. మీవారిది 46.

మీ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. ఆ రీసెర్చి పేరు సేవ్. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఏడు దేశాల్లో 2,717 మంది మీద చేశారు, మన దేశం కూడా అందులో ఉంది. సగటున 3.7 ఏళ్ళు చూశారు. సీపాప్ ఇచ్చినవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. ఇంతవరకు నిజమే.

కానీ లెక్క చేసేముందు ప్రశ్నలో ఏమిచ్చారో చూడమని పిల్లలకి ముప్పై ఏళ్ళు చెప్పాను, మీకూ అదే చెప్తున్నాను. వాళ్ళు తీసుకున్నది 45 నుంచి 75 ఏళ్ళ వాళ్ళని, అదీ గుండె జబ్బో మెదడు రక్తనాళాల జబ్బో అప్పటికే ఉన్నవాళ్ళని. పగలు విపరీతంగా నిద్ర ముంచుకొచ్చేవాళ్ళని తీసుకోలేదు. నిద్రమత్తులో ప్రమాదం చేసే అవకాశం ఎక్కువున్నవాళ్ళనీ తీసుకోలేదు. అలాంటివాళ్ళని ఏళ్ళ తరబడి వైద్యం లేకుండా ఉంచడం తప్పు కాబట్టి. అంటే మీవారు వెళ్ళి నిలబడినా ఆ రీసెర్చిలో చేర్చుకునేవారు కాదు. ఘాట్‌లో కన్ను మూతపడిన మనిషికి ఆ ఫలితం చూపించి మెషిన్ వద్దనడం న్యాయం కాదమ్మా.

ఇంకో సంగతి. అందులో వాళ్ళు మెషిన్ పెట్టుకున్నది సగటున రాత్రికి 3.3 గంటలే. మందు సగం మింగి పని చేయలేదంటే ఎలా? అయినా అంతమాత్రానికే వాళ్ళకి గురక, పగటి నిద్ర తగ్గాయి, మనసు కుదుటపడింది. మీ తమ్ముడు ఈ ముక్క దాకా చదివి ఉండకపోవచ్చు.

మీకు కావలసిన రీసెర్చి వేరే ఉంది. అదీ 2016లోనే వచ్చింది, అమెరికా లారీ డ్రైవర్ల మీద. ఈ జబ్బు ఉందని తేలి, మెషిన్ ఇచ్చినా పెట్టుకోని డ్రైవర్లలో, జాగ్రత్త పడితే తప్పించగలిగే పెద్ద యాక్సిడెంట్లు మామూలు డ్రైవర్ల కంటే 5 రెట్లు కనిపించాయి. పెట్టుకున్నవాళ్ళలో అలా కనిపించలేదు. ఇది చదివి మీవారికి వినిపించండి.

ఎప్వర్త్ స్కేల్ అని ఒక చిన్న పరీక్ష ఉంది. 1991లో ఆస్ట్రేలియాలో మర్రే జాన్స్ అనే డాక్టరు తయారు చేశారు. టీవీ చూస్తూ, బస్సులో కూర్చుని, భోజనం తర్వాత ఊరికే కూర్చుని, ఇలా 8 సందర్భాల్లో కునుకు పట్టే అవకాశం ఎంతో 0 నుంచి 3 దాకా మార్కులు వేయాలి. మొత్తం 24కి 10 దాటితే పగటి నిద్ర ఎక్కువ ఉన్నట్టు. ఆయన్ని వేసుకోమంటే తక్కువ వేసుకుంటారు, డ్రైవర్లకి లైసెన్సు భయం ఉంటుంది. పక్కన మీరూ విడిగా వేయండి. రెండు కాగితాలూ డాక్టరుగారికి ఇవ్వండి.

మెషిన్ చేసే పని చాలా చిన్నది. గాలి దిగిన సైకిల్ ట్యూబులో రెండు గోడలూ అతుక్కుని ఉంటాయి, పంపు కొడితే విడిపోతాయి. నిద్రలో గొంతు కండరాలు వదులై దారి అలాగే మూసుకుపోతుంది, సీపాప్ గాలి ఒత్తిడితో దాన్ని తెరిచి ఉంచుతుంది. 1981లో సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు ఐదుగురు రోగుల మీద ఇది పనిచేస్తోందని రాశారు. మొదట్లో వాడింది వ్యాక్యూమ్ క్లీనర్ మోటారే, పీల్చేదాన్ని ఊదేలా తిప్పారు. తలుచుకుంటే ఇప్పటికీ ఆయనకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచేవాణ్ణి, షుగరేమో అనుకున్నాను. మెషిన్ అలవాటైన రెండో నెలకి ఒక్కసారి కూడా లేవడం లేదు.

ఇక శంఖం. అత్తయ్యగారు విన్నదీ ఉత్తమాట కాదు. 2025లో జైపూర్ వాళ్ళు, మన జయపురం కాదు, రాజస్థాన్ జైపూర్, 30 మంది మీద చేసిన పరీక్ష వచ్చింది. ఆరు నెలలు వారానికి ఐదు రోజులు శంఖం ఊదినవాళ్ళకి పగటి నిద్ర మూడో వంతు తగ్గింది, ఊపిరి ఆగడం గంటకి నాలుగైదు తగ్గింది. బాగుంది. కానీ వాళ్ళది మధ్యరకం జబ్బు. మీవారి 46లోంచి ఐదు తీసేస్తే 41. అదీ తీవ్రమే. శంఖం ఊదనివ్వండి, మెషిన్ మాత్రం మానొద్దు.

ఈలోగా ఆయన్ని ఘాట్ ఎక్కనివ్వకండి, కింద రోడ్డు మీద కూడా తోలనివ్వకండి. ఇది బతిమాలి చెప్తున్నాను.

రాయగడ నుంచి:

మాస్టారూ, మీ జవాబు మొత్తం ఆయన ముందు కూర్చుని చదివాను. లారీ డ్రైవర్ల దగ్గరికి వచ్చేసరికి లేచి బయటికి వెళ్ళిపోయారు. రాత్రి పడుకునేముందు "ఆ కాగితం ఏదో తే" అన్నారు. ఆయన వేసుకున్నది 9, నేను వేసింది 19. రెండూ చూసి ఏమీ మాట్లాడలేదు. ఈ నెల లోడు మా మరిది తోలుతానన్నాడు. విశాఖలో వారం రోజులకి మెషిన్ అద్దెకి ఇచ్చేవాళ్ళు దొరికారు, జయపురం తమ్ముడు చెప్పినట్టు మూడు సైజుల మాస్కులు పెట్టి చూస్తామన్నారు.

ఒక్క అనుమానం. ఆయన నెలలో సగం రోజులు క్యాబిన్‌లోనే పడుకుంటారు. అక్కడ కరెంటు ఎలా?

పర్లాకిమిడి నుంచి:

చాలా మంచి పని చేశారమ్మా. క్యాబిన్‌లో బండి బ్యాటరీ మీదే నడపొచ్చు. కాకపోతే లారీది 24 వోల్టులు, కారుది 12. మెషిన్ తయారుచేసిన కంపెనీదే డీసీ కన్వర్టర్ అడగండి, 24 వోల్టులకి పనికొస్తుందని దాని మీద రాసి ఉందో లేదో చూసుకోండి. బండి ఆపి ఉన్నప్పుడు మెషిన్‌లో గాలిని తడిపే నీటి ఆవిరి పెట్టె వేడి ఆపేయమనండి, బ్యాటరీ తినేది అదే. మీసం ఉంటే మాస్కు కొలత చూసేటప్పుడు మీసంతోనే చూపించండి, తర్వాత పెంచితే లీకవుతుంది. వారం అయ్యాక మెషిన్‌లోంచి చిన్న కార్డు తీసి చదివిస్తే ఏ రాత్రి ఎన్ని గంటలు పెట్టుకున్నారో, ఏహెచ్ఐ ఎంతకి దిగిందో వస్తుంది. ఆ అంకెలు ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.