జేపీడీసీ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి పేపర్ పంపొచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

వార్ప్_32:
అన్నలూ అక్కలూ, జీపీయూ మీద స్పార్స్ మ్యాట్రిక్స్ (ఎక్కువ భాగం సున్నాలే ఉండేది) పని ఒకటి పూర్తయ్యింది, గైడ్ గారు "మంచి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్నదాంట్లో వెయ్యి" అన్నారు, అంతే. జర్నల్ ఆఫ్ పారలల్ అండ్ డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్ (జేపీడీసీ) అనుకుంటున్నా. ఒక సైట్లో ఒక నంబర్, ఇంకోదాంట్లో దానికంటే బాగా పెద్దది, మూడోదాంట్లో ఎక్కడో చిన్నది. జర్నల్ ఒకటే కదా, ఏది నమ్మాలి?

గోదారి_గ్రాడ్:
మూడూ మూడు వేరే లెక్కలు తమ్ముడూ. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ క్లారివేట్ అనే కంపెనీ వాళ్ళది, ఏటా జూన్‌లో వస్తుంది. 2023 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే 2021, 2022లో వేసిన పేపర్లకి 2023లో ఎన్ని సైటేషన్లు (వేరే పేపర్లు రిఫరెన్సుగా చూపించడం) వచ్చాయో చూసి ఆ రెండేళ్ళ పేపర్ల సంఖ్యతో భాగిస్తారు. సైట్‌స్కోర్ స్కోపస్ అనే డేటాబేస్‌ది, నాలుగేళ్ళ పేపర్లు, అదే నాలుగేళ్ళ సైటేషన్లు, అందుకే పెద్దగా కనబడుద్ది. చిన్నది సైమాగో వాళ్ళ ఎస్‌జేఆర్ అయ్యుంటుంది, అందులో సైట్ చేసిన జర్నల్ స్థాయికి కూడా వెయిటేజీ ఉంటుంది. దేన్ని దేనితోనూ పోల్చకు.

ఇంకోటి, అది సగటు మాత్రమే. రెండేళ్ళలో 300 పేపర్లు, 1200 సైటేషన్లు అనుకో, 4 వచ్చింది. అందులో ఒక్క పేపరే 400 పట్టుకుపోయి ఉండొచ్చు, సగం పేపర్లకి ఒకటో రెండో కూడా వచ్చి ఉండకపోవచ్చు. నీ పేపర్‌కి 4 వస్తాయని ఎక్కడా రాసిలేదు.

క్యూవన్_బాధితుడు:
సార్లకి కావాల్సింది నంబర్ కాదు బ్రో, క్యూ1 అనే ముక్క, అంటే ఆ కేటగిరీలో పై పాతిక శాతం జర్నళ్ళలో ఉందని. అది కూడా ఎవరి క్యూ1 అని ముందే అడుగు, సైమాగోలో క్యూ1 ఉన్నది క్లారివేట్‌లో క్యూ2 ఉండొచ్చు, కేటగిరీ మారితే మళ్ళీ మారుద్ది. యూజీసీ వాళ్ళు 2022 రెగ్యులేషన్స్‌లో థీసిస్‌కి ముందు జర్నల్ పేపర్ తప్పనిసరి అన్నది తీసేశారు, వాళ్ళు ఒప్పుకునే జర్నళ్ళ కేర్ లిస్టు కూడా 2025లో ఆపేశారు, అయినా మా యూనివర్సిటీ సొంత రూల్ మాత్రం కదల్లేదు. ఆఫీసులో క్లర్క్ గారు స్క్రీన్‌షాట్ ప్రింట్ తీసి తెమ్మంటారు, దాని మీద గైడ్ సంతకం.

మెష్_మాధవి:
నేను సిమ్యులేషన్ వైపు నుంచి చెప్తా. మా ల్యాబ్‌లో ఎవరూ జేపీడీసీ తెరిచి చదవరు కానీ అందరి రిఫరెన్సుల్లోనూ అది ఉంటుంది, ఎందుకంటే మెటిస్ అనే సాఫ్ట్‌వేర్. పెద్ద మెష్‌ని, అంటే సిమ్యులేషన్ కోసం చిన్న గడులుగా చేసిన ఆకారాన్ని, ప్రాసెసర్లకి పంచాలి, ముక్కలు సమానంగా ఉండాలి, ముక్కల మధ్య తెగే ఎడ్జ్‌లు తక్కువ ఉండాలి, లేకపోతే కమ్యూనికేషన్‌లోనే టైమంతా పోతుంది. మెటిస్ వెనకున్న, కరిపిస్, కుమార్ రాసిన కే-వే పార్టిషనింగ్ పేపర్ 1998లో జేపీడీసీలోనే వచ్చింది. ఇప్పటికీ మేం సైట్ చేస్తూనే ఉన్నాం. కానీ ఆ సైటేషన్లలో ఒక్కటి కూడా ఇప్పటి ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌లోకి రాదు, అంతకుముందు రెండేళ్ళ పేపర్లే లెక్క కాబట్టి. ఈ ఫీల్డ్‌లో జర్నల్ బలమంతా ఇలాంటి పాత సాఫ్ట్‌వేర్ పేపర్లలో ఉంటుంది, దాన్నే ఆ నంబర్ చూడదు.

గోదారి_గ్రాడ్:
మాధవి గారు కరెక్ట్. కోకోస్ అనే ప్రోగ్రామింగ్ లైబ్రరీ సంగతీ అంతే, 2014 పేపర్ జేపీడీసీ, తర్వాత 2022లో కోకోస్ 3 పేపర్ టీపీడీఎస్ అనే ఇంకో జర్నల్‌లో వచ్చింది, అదే లైబ్రరీ వాడేవాళ్ళ సైటేషన్లు ఇప్పుడు ఆ జర్నల్ ఖాతాలో కూడా పడుతున్నాయి. షెడ్యూలింగ్ వాళ్ళకైతే హెఫ్ట్ అనే అల్గారిథమ్, 2002 టీపీడీఎస్, క్లౌడ్ వర్క్‌ఫ్లో పేపర్ ఏది తీసినా కంపారిజన్ టేబుల్లో హెఫ్ట్ కాలమ్ కనబడాల్సిందే.

డెడ్‌లాక్_దాసు:
అసలు జర్నల్ గొడవేంటి, మన ఫీల్డ్ నడిచేది కాన్ఫరెన్సుల మీద. ఎస్‌సీ, ఐపీడీపీఎస్, పీపీవోపీపీ. సిల్క్ అనే ప్యారలల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్ పేపర్ ముందు 1995లో పీపీవోపీపీలో వచ్చింది, 1996లో జేపీడీసీలో మళ్ళీ వచ్చింది, ఒకరు దాన్ని సైట్ చేస్తారు, ఇంకొకరు దీన్ని. బయట ఇంటర్వ్యూల్లో ఎస్‌సీలో పేపరుందా అని అడుగుతారు, ఇక్కడ ప్రమోషన్ ఫారంలో కాన్ఫరెన్సుకి సగం మార్కులు కూడా రావు, ఇక ఏం చేస్తాం.

క్యూవన్_బాధితుడు:
@దాసు అన్నా అందరికీ ఎస్‌సీకి వెళ్ళే ట్రావెల్ గ్రాంట్ ఎక్కడిది. హైపీసీ కాన్ఫరెన్స్ అయితే 2019లో హైదరాబాద్‌లోనే పెట్టారు, అలాంటివి చూసుకోవచ్చు.

ఓపెన్ఎంపీ_ఓబులేసు:
నంబర్ పిచ్చి ఎక్కడిదాకా పోయిందో చెప్తా. ఒక జర్నల్‌లో, పేరొద్దులే, రెండో రివ్యూయర్ కామెంట్ మొత్తం మూడు లైన్లు, ఇంగ్లిష్ సరిచూసుకోండి, ఫిగర్లు పెద్దవి చేయండి, ఈ కింది పేపర్లు చేర్చితే ఇంట్రడక్షన్ బలపడుతుంది అని. కింద ఆరు పేపర్లు, ఆరింట్లోనూ ఒకాయన పేరు ఉంది, మాది మల్టీకోర్ సార్టింగ్ అయితే అందులో ఒకటి వైర్‌లెస్ సెన్సార్ల మీద. మా సార్ భయపడి అన్నీ పెట్టేద్దామన్నారు. నేను పట్టుబట్టి ఎడిటర్‌కి మర్యాదగానే రాయించా, ఇది ఒకటి పనికొచ్చేదే చేర్చాం, మిగతావాటికి మా పనితో సంబంధం ఎందుకు లేదో ఒక్కోదానికి ఒక్కో లైను. ఎడిటర్ ఏం అనలేదు, యాక్సెప్ట్ చేశారు. కాబట్టి వార్ప్ తమ్ముడూ, అలా వస్తే బెదిరిపోకు.

వార్ప్_32:
థాంక్స్ అందరికీ. అయితే ముందు కాన్ఫరెన్సుకి పంపి, తర్వాత పెంచి జేపీడీసీకి వేస్తే తప్పా?

గోదారి_గ్రాడ్:
తప్పేం లేదు, చాలామంది చేసేదే. మామూలుగా కనీసం 30 శాతం కొత్త మేటర్ ఉండాలంటారు, కొత్త ప్రయోగాలో ప్రూఫో ఉండాలి, ఊరికే పేజీలు సాగదీస్తే పట్టేస్తారు. కాన్ఫరెన్స్ వెర్షన్ ఉందని కవర్ లెటర్లో చెప్పు, తేడా ఏంటో అక్కడే రాసెయ్. ఇంకా గైడ్ గారికి చూపించే నంబర్ క్లారివేట్ సైట్ నుంచే తీసుకో, జర్నల్ హోమ్‌పేజీ మీద మెరిసిపోయే బొమ్మలు చూసి కాదు, దొంగ జర్నల్స్ అన్నీ అలాంటివే పెట్టుకుంటాయి.

మెష్_మాధవి:
కోడ్ బయట పెట్టు. సూట్‌స్పార్స్ అనే టెస్ట్ మ్యాట్రిక్సుల కలెక్షన్‌లో ఏ మ్యాట్రిక్సుల మీద రన్ చేశావో పేర్లతో సహా ఇవ్వు, రీడ్‌మీలో పైనే బిబ్‌టెక్ (నీ పేపర్‌ని సైట్ చేయడానికి కాపీ చేసుకునే ఎంట్రీ) పెట్టు. లైసెన్స్ ఫైల్ మర్చిపోకు, అది లేకపోతే మా ల్యాబ్‌లో వాడనివ్వరు.