అప్‌డేట్: .315 రైఫిల్ చూసొచ్చాను

తాతగారి తర్వాత తుపాకీ లైసెన్స్ నా పేరుకు వచ్చింది, పాత .315 రైఫిల్ తీసుకోవాలా, .30-06 తీసుకోవాలా (ఈ అంకెలు తూటా రకాల పేర్లు) అని మొన్న ఇక్కడ అడిగాను కదా. ఆదివారం చిత్తూరులో ఒక పెద్దాయన దగ్గర సెకండ్‌హ్యాండ్ .315 చూశాను.

చెక్క పాలిష్ బాగుంది, బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) తేలిగ్గా జారింది. మీలో ఒకరు చెప్పినట్టు బోల్ట్ బయటికి తీసి, బ్యారెల్‌ని కిటికీ వైపు పట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది: మూతి దగ్గర, తూటాను తిప్పే లోపలి గాడుల్లో తుప్పు తిన్న గుంటలు. "నూనె గుడ్డతో తుడిస్తే పోతుంది నాయనా" అన్నాడు పెద్దాయన. తుడిచాం. గుడ్డ ఎర్రగా వచ్చింది, గుంటలు అలాగే ఉన్నాయి. వదిలేశాను.

.303 ఎందుకు వద్దని అడిగినవాళ్లకు: అది సైన్యం తూటా, మామూలు లైసెన్స్ మీద రాదు. అందుకే బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ రైఫిల్ ఫ్యాక్టరీలో, బ్రిటిష్ సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిల్‌నే ఆస్ట్రియా వాళ్ల పాత 8×50 మి.మీ. మాన్‌లిచర్ తూటాకు మార్చి .315గా చేశారు. తూటాలూ మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీవే (ప్రభుత్వ ఆయుధ కర్మాగారం), కాబట్టి .315కే ఫిక్సయ్యాను, కానీ కొత్తది.

వేటకని కంగారుపడకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి తెలుసు. పలమనేరు దగ్గర మా శనక్కాయ చేలో అడవి పందులు పడ్డా అనుమతి లేనిదే కాల్చను.