గని నీళ్లు ఊరి చెరువులోకి వదలాలా, వద్దా?

వాగొడ్డు రైతు:
మాది భూపాలపల్లి జిల్లాలో ఓపెన్ కాస్ట్ గనికి దిగువన ఉన్న ఊరు. గనిలో తోడిన నీళ్లను పైపు వేసి మా చెరువులోకి వదులుతాం, గ్రామసభ తీర్మానం ఇవ్వండి అని కంపెనీ వాళ్లు అడిగారు. ఊరు రెండుగా చీలింది. నేను వద్దనే వైపు ఉన్నాను. వానాకాలంలో ఓబీ గుట్టల (బొగ్గు పైనున్న మట్టి, రాయి తీసి పోసిన గుట్టలు) మీది నుంచి కొట్టుకొచ్చిన మట్టితో కట్టు కాలువ ఇప్పటికే సగం పూడింది. కాలువ పక్క మడుల్లో బూడిద రంగు బంకమట్టి పేరుకొని, నాటు వేస్తే పిలక సరిగా కట్టడం లేదు. రేపు చెరువు కూడా ఇలాగే అయితే ఎవరిని అడగాలి?

చివరి మడి:
అన్నా, నీ పొలం తూముకు దగ్గర, నీకేం? మాకు మార్చి వచ్చిందంటే బోర్లు నోళ్లు తెరుస్తాయి. యాసంగి వరి పొట్ట మీదున్నప్పుడు రెండు తడులు అందితే చాలు, గట్టెక్కుతాం. పూడిక వస్తే తీసుకుందాం. 2015 నుంచి మిషన్ కాకతీయలో ఎన్ని చెరువుల పూడిక తీయలేదు? అసలు నీళ్లే లేని చెరువులో పూడిక లేకపోతే మాత్రం ఏం లాభం?

రిటైర్డ్ సర్వేయర్:
మీరిద్దరూ మాట్లాడుతున్నది ఒకే నీళ్ల గురించి కాదు. గని అడుగున సంపులో చేరి, పంపులతో పైకి వచ్చే నీళ్లు వేరు. గుట్టల మీద పడి జారే వాన నీళ్లు వేరు. సంపులో కొన్నాళ్లు నిలిచిన నీళ్లలో మట్టి చాలావరకు అడుక్కి దిగిపోతుంది. ఎండాకాలంలో అవి చెరువుకు వస్తే నాకేం అభ్యంతరం లేదు, ముందు ఆ నీళ్లలో ఉప్పు, కఠినత్వం ఎంతుందో పరీక్ష చేయించుకోండి. కాలువను పూడ్చింది ఆ నీళ్లు కాదు, గుట్టల నీళ్లు. అవి పైపులో రావు. మీరు తీర్మానం ఇచ్చినా ఇవ్వకపోయినా వస్తూనే ఉంటాయి.

గుట్ట చుట్టూ గార్లాండ్ డ్రెయిన్ అనే కాలువ తవ్వి, ఆ నీళ్లను సెటిలింగ్ పాండ్‌లోకి, అంటే మట్టి అడుక్కి దిగే గుంటలోకి మళ్లించి, తేరాక బయటికి వదలాలి. కాగితం మీద అన్ని చోట్లా ఇదే ఉంటుంది. ఒక లెక్క చూడండి. 100 హెక్టార్ల గుట్ట మీద ఒక రోజు 100 మి.మీ. వాన పడితే లక్ష ఘనపు మీటర్ల నీళ్లు. సగం ఇంకిపోయిందనుకున్నా 50 వేలు కిందికి వస్తాయి. 60 మీటర్ల పొడవు, 40 వెడల్పు, 3 లోతు ఉన్న పాండ్ పట్టేది 7,200. నీళ్లన్నీ ఆపక్కర్లేదు, వేగం తగ్గినా ఇసుక దిగుతుంది. పదో వంతు మిల్లీమీటరు ఇసుక రేణువు మీటరు లోతు దిగడానికి రెండు నిమిషాలు చాలు. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఒండ్రుకు మూడు గంటలు పడుతుంది. 2 మైక్రాన్ల బంకకైతే దాదాపు మూడు రోజులు, అదీ నీళ్లు కదలకుండా ఉంటేనే. మీ మడిలో పేరుకున్నది ఈ బంకే అయ్యుంటుంది. దానికి పాండ్‌లు వరసగా రెండు మూడు ఉండాలి, లేదా పటిక లాంటిది కలపాలి.

ఇవన్నీ ఉన్నా, పోయినేటి మట్టితో సగం నిండిన పాండ్ జూన్‌లో ఎందుకూ పనికిరాదు. నిండిన బిందెను నల్లా కింద పెట్టడమే అది. మృగశిర లోపు పూడిక తీశారా లేదా, నా మటుకు అసలు ప్రశ్న ఇదొక్కటే.

డంపర్ డ్రైవర్:
సార్ చెప్పింది కరెక్టే, కానీ పూడిక తీయడం అంత తేలిక కాదు. పాండ్ అడుగు ఎండదు, ప్రొక్లెయినర్ దిగితే బురదలో కూరుకుపోతుంది. ఏప్రిల్, మే నెలల్లోనే కుదురుతుంది. నేను చూసిన చోట సరిగ్గా అప్పుడే మిషన్లన్నీ బొగ్గు మీద ఉంటాయి, పూడిక పని టెండరు దాటేసరికి వాన పడుతుంది. గుట్ట మీద గడ్డి, చెట్లు పెంచితే మట్టి రాదు కదా అంటారు కొందరు. రోజూ మట్టి పోస్తున్న గుట్ట మీద ఏం పెంచుతారు? పని అయిపోయిన బెంచీల (గుట్టకు పెట్టిన మెట్లు) మీదే పెంచగలరు. అక్కడ కూడా ముందు గడ్డి పట్టాలి. వాలు మీద నీలగిరి మొక్కలు నాటి ఫొటో దిగితే వాన నీళ్లకు మట్టి కోసుకుపోయి చారికలు పడటం ఆగదు.

హనుమకొండ సివిల్:
2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ., మీ పక్కనే చిట్యాలలో 616.5 మి.మీ. పడింది. మోరంచపల్లి ఊరు ఊరే మునిగింది. అలాంటి వానకు ఏ పాండ్ ఆగుతుంది? ఊరికే కంపెనీ మీద పడటం దేనికి?

రిటైర్డ్ సర్వేయర్:
అంతటి వానకు ఏదీ ఆగదు, ఆ వరదను గని మీదికి నెట్టడమూ తప్పే. కానీ కాలువ పూడింది ఆ ఒక్క రోజున కాదు. ఏటా వచ్చే 60, 80 మి.మీ. వానలకు కూడా ఎర్రనీళ్లు వస్తుంటే 2023 పేరు చెప్పి తప్పించుకోలేం. బొగ్గు గనుల పర్యావరణ అనుమతుల్లో మామూలుగా ఉండే షరతు చదవండి: 50 ఏళ్ల వర్షపాతం లెక్కల్లో అతి పెద్ద వానను తీసుకొని, దానిపైన ఇంకో 50 శాతం పట్టేలా సంపు ఉండాలి, డ్రెయిన్ మూలల్లో గుంతలు తవ్వి వాటి పూడిక ఎప్పటికప్పుడు తీయాలి. షరతులు ఎంతవరకు పాటించారో చెప్పే నివేదిక జూన్ 1న, డిసెంబర్ 1న ఇవ్వాలని కేంద్రం పర్యావరణ అనుమతుల మీద ఇచ్చిన 2006 నోటిఫికేషన్‌లోనే ఉంది. అది ఎవరైనా చూడదగ్గ పత్రం. జూన్ నివేదికలో పూడిక గురించి ఏం రాశారో చూసి, అదే వారం పాండ్ దగ్గరికి వెళ్లండి.

చివరి మడి:
సరే సార్, అయితే తీర్మానంలో రెండూ రాద్దాం. యాసంగికి పైపు నీళ్లు కావాలని ఒకటి, మే నెలాఖరు లోపు పాండ్ పూడిక తీయాలని ఇంకొకటి. కానీ రెండోది జరగలేదని మొదటిది ఆపితే మాత్రం నేను ఒప్పుకోను.

వాగొడ్డు రైతు:
ఆపకపోతే రెండోది ఎవడు చేస్తాడు తమ్మీ? పైపు వేసి నాలుగు ఫొటోలు దిగాక మన ఊరి ముఖం చూస్తారా? పూడిక తీసి, మన పంచాయతీ వాళ్లు చూసి సంతకం పెట్టాకే వాల్వు తిప్పాలి, అలా రాస్తే నేనూ చెయ్యెత్తుతా. ఇంకో మాట. పోయినేడు తీసిన కాస్త పూడికను పాండ్ గట్టు మీదే పోశారు. మొదటి వానకే అంతా మళ్లీ లోపలికి దిగింది. తీసిన మట్టి ఎక్కడ పోయాలో కూడా తీర్మానంలో ఉండాలి. సర్వేయర్ సార్, దానికి షరతుల్లో ఏమైనా ఉందా?